టూల్‌బాక్సులో ఇరవై ఒకటో బొమ్మ

మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు కోసం నేను 2000లో రాసిన ప్రోగ్రాంలో ఒక బటన్ పేరు కమాండ్1. పైకి ‘ప్రింట్’ అనే కనబడుతుంది, లోపలి పేరు మార్చడం మర్చిపోయాను. దాని వెడల్పు 1215, ఎత్తు 495. ఆ అంకెలు నేను పెట్టినవి కావు. విజువల్ బేసిక్ టూల్‌బాక్సులో బటన్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే, ఫారం నడిమధ్యన అదే కొలతతో వచ్చి కూర్చుంటుంది. కొలత ట్విప్పుల్లో. అచ్చాఫీసు వాళ్ల పాయింటును ఇరవై ముక్కలు చేస్తే ఒక ట్విప్పు, అంగుళానికి 1440. ఇంట్లో వాళ్ల ఫోన్ నంబర్లు నోటికి రావు గానీ 1215, 495 మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆ బటన్‌కి ఇంకో పేరు కూడా ఉంది. తెర మీది కిటికీల లోపలి పేర్లు చూపించే పనిముట్టు ఒకటుంటుంది. దాన్ని ఆ బటన్ మీద పెడితే ‘థండర్‌ఆర్‌టీ6కమాండ్‌బటన్’ అని వస్తుంది. థండర్ అంటే పిడుగు కాదు. విజువల్ బేసిక్ ఇంకా కడుపులో ఉన్నప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్లు దానికి పెట్టుకున్న ముద్దుపేరు. 1991 మే నెలలో అట్లాంటాలో లోకానికి చూపించేటప్పుడు పేరు మార్చారు. లోపల మార్చలేదు. వాళ్లూ మర్చిపోయారో, ఎవరు చూడొచ్చారులే అనుకున్నారో. ధాన్యం పట్టీ కొట్టే బటన్ మెడలో ఆ పాతపేరు తాయెత్తులా వేలాడుతూనే ఉంది.

నేను విజువల్ బేసిక్ (వీబీ) నేర్చుకున్నది 1999లో, హైదరాబాద్ అమీర్‌పేటలో. మైత్రీవనం ముందు బస్సు దిగితే చాలు, కరపత్రాలు చేతిలోకి వాటంతటవే వచ్చేవి. జావా, ఒరాకిల్, డీ2కే, వీబీ, మెయిన్‌ఫ్రేమ్స్. మొదటి రెండు రోజులు డెమో క్లాసులు ఊరికే. రోజుకో చోట డెమోలు వింటూ కోర్సు సగం పూర్తిచేసిన ఘనులు మా హాస్టల్లో ఇద్దరుండేవాళ్లు. నాది పొద్దున ఏడు గంటల బ్యాచ్. ఒక గదిలో ఎనభై మందిమి, మైకులో సారు. జిరాక్స్ మెటీరియల్ కట్ట కింద షాపులో దొరికేది, అందులో సగం పేజీలు మసకగా ఉండేవి.

మా సారు కంప్యూటర్ ముట్టుకోకుండా, ముందు బోర్డు మీద టూల్‌బాక్సు బొమ్మ గీశారు. బాణం గుర్తు వదిలేస్తే ఇరవై బొమ్మలు: లేబుల్, టెక్స్ట్‌బాక్స్, బటన్, చెక్‌బాక్స్, కాంబో, టైమర్, గీత, పటం... “ముందు సామాను చూసుకోండి, వంట తరవాత” అన్నారు. తరవాత ఇరవై బొమ్మల కింద ఒక ఖాళీ గడి గీసి, అందులో ఏమీ రాయకుండా సుద్దముక్కతో రెండుసార్లు తట్టారు. “ఇది మీది కాదు, మైక్రోసాఫ్ట్ వాడిదీ కాదు. బయటివాళ్లది. కంట్రోల్ పట్టుకుని టీ కొట్టండి, కనబడతది.”

ఆ ఖాళీ గడి ఎంత పెద్దదో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. విజువల్ బేసిక్ గురించి చెప్పేవాళ్లంతా సులువైన భాష అంటారు. సులువైన భాష 1964లోనే ఉంది. డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల మాస్టార్లు బేసిక్‌ను నడిపించింది ఆ ఏడాది మే 1న, తెల్లవారుజామున నాలుగింటికి. వీబీలో కొత్తదనం భాష కాదని, ఆ గడి అని నా లెక్క.

అంతకుముందు సంగతి చూడండి. 1980ల చివర్లో విండోస్‌కి ప్రోగ్రాం రాయాలంటే సీ భాషలో రాయాలి. అందరికీ గురువు చార్లెస్ పెట్‌జోల్డ్ పుస్తకం, 1988లో మొదటిసారి వచ్చింది. ఒక కిటికీ తెరిచి అందులో ‘హలో’ అని ఒక్క మాట చూపించడానికి పేజీ దాటి కోడు. కిటికీకి ముందు ఒక జాతి నమోదు చెయ్యాలి, తరవాత దాన్ని పుట్టించాలి, ఆపైన అది పంపే ప్రతి కబురుకూ జవాబు చెప్పాలి. బటన్ ఎక్కడ పెట్టాలో అంకెల్లో రాసి, నడిపించి చూసి, వంకరగా ఉంటే మళ్లీ రాయాలి. పందిరి వేసేవాడు గుంజ పాతి పది గజాలు వెనక్కొచ్చి చూసి మళ్లీ పీకి పాతినట్టు.

సాఫ్ట్‌వేర్‌ని రెడీమేడ్ ముక్కలతో కట్టుకోవాలన్న ఆశ మాత్రం ఇంకా పాతది. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో పిలిచిన సమావేశంలో బెల్ ల్యాబ్స్‌కి చెందిన డగ్ మెకిల్‌రాయ్ లేచి, కరెంటు సామాను తయారీదారులకు కేటలాగులున్నట్టు మనకెందుకు లేవని అడిగాడు. కావలసిన ముక్కను పట్టీలో చూసి, కొని, బిగించుకునే రోజు రావాలన్నాడు. పెద్ద చదువులవాళ్లు ఇరవై ఏళ్లు ఆ ముక్క మీద కొత్త భాషలు, కొత్త సిద్ధాంతాలు అల్లారు. కేటలాగు మాత్రం రాలేదు.

మధ్యలో స్టీవ్ జాబ్స్ నెక్స్ట్ కంపెనీ 1988లో తెచ్చిన ఇంటర్‌ఫేస్ బిల్డర్ ఉంది. జాఁ మరీ యులో అనే ఫ్రెంచి ఇంజనీరు పని. మౌస్‌తో బటన్ని లాగి కిటికీలో పడేసి, అది ఏం చెయ్యాలో గీత గీసి కలపడమే. టిమ్ బెర్నర్స్-లీ 1990లో మొట్టమొదటి వెబ్ బ్రౌజర్ రాసింది నెక్స్ట్ మిషన్ మీదే, ఆ పనిముట్టుతోనే. అందుకే అంత త్వరగా అయింది. కానీ ఆ మిషన్ ధర సామాన్యుడిది కాదు. అమీర్‌పేట దాకా ఎందుకొస్తుంది?

వచ్చింది ఇంకో దారిన. కాలిఫోర్నియాలో అలాన్ కూపర్ అనే ప్రోగ్రామరు ఏ కంపెనీలోనూ లేకుండా సొంతంగా పని చేసుకునేవాడు. విండోస్ మొదటి తెర అందరికీ ఒకేలా ఉండటం అతనికి నచ్చలేదు. ఒక పెద్ద ఆఫీసుకి వెళ్లి మీకెలాంటి తెర కావాలని అడిగితే, అక్కడి పెద్దమనిషి మా దగ్గర రకరకాల జనం ఉన్నారు, ఎవరి అవసరం వాళ్లది అన్నాడట. అప్పుడు తట్టింది కూపర్‌కి: తెర చేసివ్వడం కాదు, ఎవరి తెర వాళ్లు కట్టుకునే సామాను చేసివ్వాలి. అలా పుట్టింది ట్రైపాడ్. 1988 మార్చిలో బిల్ గేట్స్‌కి చూపించాడు, గేట్స్ కొన్నాడు. మైక్రోసాఫ్ట్ కోసం దాన్ని మళ్లీ మొదటినుంచీ రాసినప్పుడు రూబీ అన్నారు. తరవాతెప్పుడో వచ్చిన రూబీ భాషకూ దీనికీ చుట్టరికం లేదు.

రూబీలోని బొమ్మల్ని కూపర్ ‘గిజ్మో’లన్నాడు. అతను చేసిన అసలు పని ఇక్కడుంది. ఆ బొమ్మల పట్టీకి తాళం వెయ్యలేదు. బయటివాడెవడైనా ఒక ఫైలు రాసి పక్కన పెడితే, అందులోని కొత్త బొమ్మ వచ్చి పట్టీలో చేరుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు రూబీకి తమ క్విక్‌బేసిక్‌ని జతచేశారు. రూబీ ఒళ్లు, బేసిక్ నోరు. ఆ పెళ్లికే థండర్ అని పేరు. గిజ్మోలు కంట్రోల్స్ అయ్యాయి, బయటినుంచి తెచ్చే ఫైలు వీబీఎక్స్ అయింది. మా సారు సుద్దముక్కతో తట్టిన గడి అదే.

తలుపు తెరిచి ఉంటే జనం రాకుండా ఉంటారా? రెండు మూడేళ్లలోనే వీబీఎక్స్‌లు అమ్ముకునే చిన్న కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. గళ్ల పట్టికలు చేసేవాళ్లు కొందరు, గ్రాఫులవాళ్లు కొందరు, మోడెమ్‌తో మాట్లాడించేవాళ్లు కొందరు. పోస్టులో వచ్చే లావుపాటి కేటలాగుల్లో ముక్క పేరు, ధర. మెకిల్‌రాయ్ అడిగింది సరిగ్గా అదే. 1994 మే నెలలో బైట్ మ్యాగజైన్ ‘కాంపొనెంట్‌వేర్’ అని ముఖచిత్ర కథనమే వేసింది. పండితులు పెద్ద పెద్ద భాషల్లో వెతుకుతున్నది, వాళ్లు చిన్నచూపు చూసే బేసిక్ పక్కన దొరికిందన్నది దాని సారం. నాకు ఈ ముచ్చట చెప్పుకోవడం ఇష్టం. వీబీ వాళ్లంటే ఇప్పటికీ కొందరికి చులకనే.

అప్పటి విండోస్ తెర చాలావరకు చదునుగా, తెల్లగా ఉండేది. షెరిడాన్ అనే కంపెనీ త్రీడీ కంట్రోల్స్ చేసింది: బూడిదరంగు పలక, అంచు లోపలికి అణిగినట్టో పైకి ఉబ్బినట్టో కనబడే నీడ. ఇంకేం, అందరి ఫారాలూ ఒక్కసారి బూడిద పూసుకున్నాయి. మైక్రోసాఫ్టే దాన్ని తన ప్రొఫెషనల్ డబ్బాలో పెట్టి ఇచ్చింది. రిపోర్టులకు క్రిస్టల్ రిపోర్ట్స్‌నీ అలాగే 1993లో వచ్చిన మూడో వీబీతో కలిపింది. నేను వాడిన ఎంఎస్‌ఫ్లెక్స్‌గ్రిడ్ కూడా వీడియోసాఫ్ట్ అనే చిన్న కంపెనీదే. తగ్గించిన సరుకు డబ్బాలో ఉచితం, పూర్తి సరుకు కావాలంటే కంపెనీకి డాలర్లు. మామిడికాయ ముక్క రుచి చూపించి బుట్ట అమ్మినట్టు.

ఆ తగ్గించిన సరుకుతో నా పాట్లు చెప్పాలి. ఫ్లెక్స్‌గ్రిడ్ గళ్లు చూపిస్తుంది, గడిలో టైపు చెయ్యనివ్వదు. మిల్లు పట్టీలో బస్తాలు, తూకం, తేమ, రేటు, హమాలీ, అన్నీ గళ్లలోనే కొట్టాలి. అప్పుడు వీబీ వాళ్లంతా చేసే మోసమే నేనూ చేశాను. అంచు లేని టెక్స్ట్‌బాక్స్ ఒకటి ఫారం మీద దాచిపెట్టాలి. గుమాస్తా ఒక గడిలోకొచ్చి మీట నొక్కగానే, ఆ గడి ఎడమ, పైన, వెడల్పు, ఎత్తు నాలుగూ తీసుకుని టెక్స్ట్‌బాక్స్‌ని సరిగ్గా దానిమీద కప్పాలి. ఎంటర్ కొడితే అంకెని గడిలోకి వదిలి, బాక్సుని మాయం చేసి, పక్క గడి మీద మళ్లీ కప్పాలి. వారం పట్టింది. బ్రహ్మాండంగా నడిచింది. మూడోరోజు గుమాస్తా బాబాయ్ ఫోను: “అమ్మా, నా అంకె గాల్లో తేలుతుందే.” ఆయన అంకె సగం కొట్టి, పై వరస చూద్దామని పట్టిక జరిపాడు. గళ్లు జరిగాయి, బాక్సు ఎక్కడిదక్కడే ఉంది. కింద ఇంకో రైతు వరస, పైన ఈయన బస్తాలు. జరిపినప్పుడల్లా బాక్సుని దాచేలా ఒక్క లైను రాస్తే సరిపోయింది. ఆ లైను ముందే ఎందుకు తట్టలేదంటే, అమీర్‌పేటలో మేం నేర్చుకున్న లెక్కంతా ఎంప్ టేబుల్ మీద. ఒరాకిల్‌తో వచ్చే ఆ పట్టికలో పద్నాలుగే వరసలు, జరపాల్సిన పని రాదు. లోపలికెళ్లే పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. స్కాట్ అంటే ఒరాకిల్ తొలి ఉద్యోగుల్లో ఒకడు, టైగర్ వాళ్లింటి పిల్లి పేరట.

వీబీఎక్స్ బతుకు పొట్టిది. అది 16 బిట్ల విండోస్ ఒంటికి కుట్టిన చొక్కా. 1995లో విండోస్ 32 బిట్లకు మారగానే చిరిగింది. కొత్త గడి పేరు ఓసీఎక్స్, కింద పునాది ఓఎల్ఈ. తిరిగి రాసుకునే ఓపికా డబ్బూ ఉన్న కంపెనీలు నిలిచాయి, మిగిలినవి పోయాయి.

ఓఎల్ఈ దగ్గర మనవాళ్ల పేర్లు తగులుతాయి. ఒకరు చేసిన వస్తువు ఇంకొకరి కిటికీలో కూర్చుని, కూర్చున్న చోటే పని చెయ్యాలి. మెనూలు, మీటలు ఎవరివి ఎప్పుడు పలకాలో పేచీ రాకూడదు. ఈ ఏర్పాటు మీద మైక్రోసాఫ్ట్ 1990లలో తీసుకున్న పేటెంట్‌లో ఉన్న పేర్లలో రెండు శ్రీని కొప్పోలు, రావు రేమాల. రేమాల ఆ కంపెనీలో చేరిన తొలి భారతీయుల్లో ఒకరు. కొప్పోలు తరవాత హైదరాబాద్ వచ్చి, 1998లో ఇక్కడ మొదలైన మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రాన్ని నడిపారు. మేం అమీర్‌పేటలో కంట్రోల్-టీ కొట్టి ఓసీఎక్స్‌లు ఎంచుకుంటున్న రోజుల్లో, ఆ కుర్చీ ఏర్పాటు చేసినవాళ్లలో ఒకాయన నడిపే కేంద్రం ఇదే ఊళ్లో ఉందని మాలో ఒక్కరికీ తెలియదు. తెలిస్తే మా సారు ఇంకో రెండుసార్లు బోర్డు తట్టేవారు.

పరాయి ముక్క మీద ఇల్లు కట్టుకుంటే ముక్కతో పాటు దాని జబ్బులూ వస్తాయి. 2001లో మిల్లువాళ్లు లెక్కల ప్యాకేజీ ఒకటి కొన్నారు, నచ్చక తీసేశారు. అది పోతూ పోతూ ఎంఎస్‌కామ్‌సీటీఎల్ అనే ఓసీఎక్స్‌ని తనదే అనుకుని వెంట తీసుకుపోయింది. నా ప్రోగ్రాం కూడా దాని మీదే నిలబడింది. మర్నాడు పొద్దున తెరిస్తే రన్‌టైమ్ ఎర్రర్ 339. బయట లారీలు, లోపల యజమాని. ఫోనులో చెప్పి చేయిద్దామంటే గుమాస్తా బాబాయ్‌కి భయం. ఫైలు మెగాబైటు పైచిలుకు, ఒక ఫ్లాపీలో పట్టింది. హైదరాబాద్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ఎండకు, అయస్కాంతానికి ఫ్లాపీ పాడవుతుందని విని దాన్ని టిఫిన్ డబ్బా మూతలో పెట్టాను. మిల్లులో రన్ పెట్టెలో రెగ్‌ఎస్‌వీఆర్32 అని కొట్టి ఫైలు పేరిస్తే అర నిమిషంలో బాగైంది. యజమాని “ఇంతేనా అమ్మాయ్?” అన్నాడు. ఆ మాటకి డబ్బులు అడగబుద్ధి కాలేదు. తరవాత పదిహేనేళ్లకు, 2016 మార్చిలో, పదకొండు లైన్ల లెఫ్ట్‌ప్యాడ్ అనే జావాస్క్రిప్ట్ ముక్కని రాసినవాడు వెనక్కి తీసుకుంటే ప్రపంచమంతా ప్రాజెక్టులు ఆగిపోయాయి. మా ఆఫీసు కుర్రవాళ్లు నోళ్లు తెరిచారు. నాకు టిఫిన్ డబ్బా గుర్తొచ్చింది.

ఇంకా పెద్ద దెబ్బ 2003లో. యజమాని కొత్తగా విండోస్ ఎక్స్‌పీ మిషన్ కొన్నాడు. అందులో గౌతమి అని తెలుగు ఫాంటు ఉంది. రైతుల పేర్లు తెలుగులో కొట్టి పట్టీ ఇద్దామని అడిగాడు. న్యాయమైన కోరిక. ఇంగ్లీషులో రాసిన పేరు చూసి అది తనదేనా అని రైతు అనుమానపడుతుంటే, ఆ చీటీ మీద రూపాయలు రాసి ఏం లాభం? ఎక్స్‌పీ సీడీ పెట్టి భాషల సెట్టింగు వేశాను. నోట్‌ప్యాడ్‌లో ‘రాములు’ అని కొడితే చక్కగా వచ్చింది. కాపీ చేసి నా టెక్స్ట్‌బాక్స్‌లో వేశాను. ప్రశ్నార్థకాలు. అక్షరానికి రెండేసి, వరసగా.

రెండు రోజులు తల బాదుకుని కారణం తెలుసుకున్నాను. వీబీ కడుపులో మాటలన్నీ యూనికోడ్‌లోనే ఉంటాయి. తెలుగు 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే ఉంది, అంటే వీబీతో ఒకే ఏడాది పుట్టినట్టు. కానీ తెర మీది పెట్టెలు విండోస్ 95లోనూ నడవాలి కాబట్టి వాటిని పాత ఏఎన్ఎస్ఐ పద్ధతిలో చేశారు. ఆ పద్ధతిలో ఒక్కో భాషకూ ఒక కోడ్‌పేజీ. రష్యా, గ్రీసు, థాయ్‌లాండ్ వాళ్లకు కోడ్‌పేజీ ఉంది. వాళ్లు మిషన్ సెట్టింగు మార్చుకుంటే అదే టెక్స్ట్‌బాక్స్‌లో వాళ్ల అక్షరాలు పడతాయి. తెలుగుకి లేదు. హిందీకీ, తమిళానికీ లేదు. పేరు గుండెలో ఉండి గొంతులో ఆగినట్టు. ఇరవై బొమ్మల్లో ఒక్కటీ మా రాములుని పలకదు.

ఇరవై ఒకటో గడి ఉందిగా, యూనికోడ్ టెక్స్ట్‌బాక్స్ అమ్మే కంపెనీలు ఉన్నాయి, కొనుక్కోవచ్చు. ధర డాలర్లలో, మిల్లు బేరం రూపాయల్లో. ఆఫీస్‌తో వచ్చే ఫారమ్స్ కంట్రోల్స్‌లో తెలుగు పడుతుంది గానీ, వాటిని మన ప్రోగ్రాంతో పంచకూడదు, మిల్లులో ఆఫీస్ లేదు. నాకు అప్పుడు ఒక సంగతి అర్థమైంది. తెరిచి ఉన్న తలుపు గొప్పదే. కానీ ఆ తలుపులోంచి వచ్చేవాడు తన ఊరి అవసరాన్నే నెత్తిన పెట్టుకొస్తాడు. షెరిడాన్ వాడికి బూడిదరంగు నీడ అవసరమైంది, చేశాడు. తెలుగు పెట్టె మనలో ఎవరో చేసి ఉండాల్సింది. అయిదో వీబీ నుంచి సొంత ఓసీఎక్స్ వీబీలోనే చేసుకోవచ్చు, మా సారు అదీ చెప్పారు. మేం వేలమందిమి ఎంప్ టేబుల్‌కి ముందుకు, వెనక్కు, మొదటికి, చివరికి అని నాలుగు బటన్లు పెట్టుకుంటూ కూర్చున్నాం. నేను కూడా.

డాట్‌నెట్ 2002లోనే వచ్చింది, అందులో పెట్టెలకు తెలుగు పడుతుంది. కానీ పాత వీబీ కోడు అందులో నడవదు, మళ్లీ రాయాలి. ఆ కోపంతో 2005లో వందమందికి పైగా వీబీ నిపుణులు మైక్రోసాఫ్ట్‌కి అర్జీ పెట్టుకున్నారు, లాభం లేకపోయింది. 2008 ఏప్రిల్‌తో వీబీ6 పనిముట్టుకి మద్దతు ఆపేశారు. దానితో రాసిన ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఫైలు మాత్రం విండోస్ 11తో కూడా వస్తూనే ఉంది. మిల్లు యజమానిని మళ్లీ రాస్తానని రెండుసార్లు అడిగాను. “నడుస్తున్న కాటాని ఎవరన్నా విప్పుతారా అమ్మాయ్” అన్నాడు.

కిందటి వానాకాలం కోతలప్పుడు అటు వెళ్తూ ఆగాను. కొత్త మిషన్, పాత ఫారం. ఓసీఎక్స్‌ని యజమాని కొడుకే రిజిస్టర్ చేసుకున్నాడు. గుమాస్తా బాబాయ్‌కి కళ్లద్దాలు మందమయ్యాయి. కమాండ్1 నొక్కితే ప్రింటర్ పట్టీ కక్కింది. ఆయన చొక్కాజేబులోంచి పెన్ను తీసి, ఇంగ్లీషు పేరు పైన నేను 2003లో వదిలిన చుక్కల గీత మీద రైతు పేరు తెలుగులో రాశాడు. గీత పొడవు 2880 ట్విప్పులు, రెండంగుళాలు. అంతే చాలుతుందనుకున్నాను. రైతు పేరు వేంకటనరసింహాచారి. బాబాయ్ ‘నరసింహా’ దాకా హాయిగా రాసి, ‘చారి’ని గీత చివర కిందికి వంచి, అంచున ఇరికించి, చించి ఇచ్చాడు.